నూరులో ఏడు పోతే

జూన్ 3, 2024, సోమవారం

ఆయన ఎం.ఆర్.ఐ. రిపోర్టు వచ్చింది. డాక్టర్ పంకజాక్షి కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించింది. మెదడు పైపొర పలచబడుతోందట. ఆరేళ్లుగా పార్కిన్సన్స్ చేతుల వణుకే అనుకున్నాం. ఇప్పుడు ఆలోచనలోకీ పాకిందట. నూరులోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంది. తొంభై మూడు అన్నాడు. ఆగిపోయాడు. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పిన దేవనాథన్ గారు, జవాబు కోసం నా మొహం చూశాడు.

నాకు సంతోషమేసింది. రాసేశాను. ఎవరు చదువుతారు?

జూన్ 4

ఆయన ఎదురుగా 'అన్నారు', ఇక్కడ డైరీలో 'అన్నాడు'.

శిష్యులను కూర్చోబెట్టుకుని "మా వేదవల్లిది మట్టిబుర్ర" అనేవాడు. మా అమ్మాయి హంసిని మూడో క్లాసులో ఉన్నప్పుడు దానికి నేను హోంవర్క్ చేయించాను. "నువ్వు చెప్తే బిడ్డ చెడిపోతాది" అని దాని ముందే నోట్సు చింపేశాడు. ఆ ముక్కలు ఊడ్చింది నేనే.

జూన్ 11

ఎనిమిది గంటల మాత్ర చేతిలో పట్టుకుని అడిగాను. నూరులో ఏడు పోతే? చెప్పాడు. ఇంకో ఏడు పోతే? రాలేదు. మాత్ర ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చాను.

జూన్ 12

నలభై నిమిషాలు.

జూలై 9

మాత్ర ఆలస్యమైతే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. నాకు తెలుసు. హాలు మధ్యలో నిలబడిపోయి చెయ్యి చాస్తాడు. "ఇయ్యి వేదా, చెప్తాను, చెప్తాను." ఎనభై ఆరు వచ్చేసింది. డెబ్భై తొమ్మిది దగ్గర ఏడుస్తాడు. నేను పప్పు తిరగమోత పెట్టుకుంటూ వింటాను.

ఆగస్టు 20

నిన్న బాత్‌రూం గడప దగ్గర పడ్డాడు. మాత్ర నా కొంగున ముడేసి ఉంది. నుదుటికి నాలుగు కుట్లు. కాలు జారిందని డాక్టర్‌కు చెప్పాను. ఆయన పక్కనే ఉన్నాడు.

ఆగస్టు 28

వారం రోజులు టైముకే ఇచ్చాను. ఇవాళ మళ్లీ అడిగాను.

డిసెంబర్ 5

ఆరు నెలల చెకప్. డాక్టర్ నూరు అనగానే అందుకున్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై ఐదు. ఊపిరి కూడా తీసుకోలేదు. డాక్టర్ కుర్చీలోంచి లేచింది. "ఇంట్లో ఏం చేపిస్తా ఉండారమ్మా?" అంది. రోజూ లెక్కలు చేయిస్తానన్నాను. స్కాన్‌లో మెదడు ముందుకన్నా పలచబడిందట. అయినా ఇట్లా చెప్తున్నాడంటే అంతా నా గొప్పేనంది. మిగతా పేషెంట్ల ఇళ్లవాళ్లకు వచ్చి రెండు మాటలు చెప్పమంది.

డిసెంబర్ 14

చెప్పాను. ఓపిక ముఖ్యం అన్నాను. చప్పట్లు కొట్టారు.

చంద్రకాంతమ్మ అని ఒకావిడ, ఆమె భర్తకూ ఇదే జబ్బు, నా చెయ్యి పట్టుకుని, మొండికేస్తే ఏం చేస్తావక్కా అని అడిగింది. చెప్పేదాకా మాత్ర ఇవ్వనన్నాను. జోకనుకుని నవ్వింది.

జనవరి 11, 2025

హంసిని సూళ్లూరుపేట నుంచి వచ్చింది. నేను వంటింట్లోంచి బయటికి రాగానే ఆయన లేచి నిలబడి చెయ్యి చాచాడు. తొంభై మూడు, ఎనభై ఆరు... నేనేమీ అడగలేదు. హంసిని ఆ చేతి వంక చూసింది. కుట్ల మచ్చ వంక చూసింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. అంతా చెప్పాను, పడిన రోజుతో సహా.

"నాయన నిన్ను అన్న మాటలన్నీ నేనూ విన్నానమ్మా. వాటిని అడ్డం పెట్టుకోవాకు" అంది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లి ఆయన బట్టలు సర్దింది.

జనవరి 12

కారెక్కుతూ దాన్ని అడిగాడు. "ఆ టీచరమ్మ కూడా వస్తాదా?"

రాదంది.

నవ్వాడు. వెనక్కి తిరిగి మర్యాదగా నాకు దణ్ణం పెట్టాడు.