ఆకు ఎండని జొన్న

కూర్మన్నపాలెం,
20 నవంబరు 1987

పైడితల్లి అప్పా,

నిరుడు నువ్వు మూటగట్టి ఇచ్చిన జొన్న విత్తనాన్ని ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇచ్చాను. పండకపోతే నీ మనసు నొచ్చుకుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఈ ఏడు పూత తరువాత ఒక్క చినుకూ పడలేదు. నిన్న స్టీలు ప్లాంటులో డ్యూటీ దిగి, చేను చూడటానికి వెళ్లాను. చుట్టూ ఉన్న పొడుగు జొన్నలు ఆకులెండి, తాలు గింజలతో నిలబడ్డాయి. నీ పొట్టి జొన్న మాత్రం కోతకొచ్చినా పచ్చగానే ఉంది. కంకి నిండా గట్టి గింజలు!

"ఆకు చివరిదాకా పచ్చగా ఉంటేనే, వాన లేకపోయినా గింజ నిండుతుంది. ఈ మొక్కల్ని ఏరిందెవరు?" అని ఆఫీసరుగారు అడిగారు.

"మా అప్పండి. కరువొచ్చినప్పుడల్లా ఆకు వాడని మొక్కలకి గుడ్డపీలిక కట్టి, ఆటి గింజే దాసింది."

"ఏం చదివింది?"

"సదువు లేదండి. సేను సూసింది" అన్నాను.

"పొట్టి సేనికేటి పండుతాదే?" అని అయ్య నవ్విన రోజు నేనూ నవ్వాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

సోమవారం గాజువాకలో బస్సు దిగు. లీవు పెట్టి ఎదురుచూస్తాను. విత్తనానికి ఏ కంకులు ఉంచాలో నువ్వే ఏరి చూపాలట. ఆఫీసర్లు నోటుపుస్తకాలు పట్టుకుని నీ వెనకాల నడుస్తారట.

నీ తమ్ముడు