దీవిలో ఇంటికి తాళం

చెల్లీ డీలియా,

నేను బాగానే ఉన్నాను. దీవిలో మన ఇల్లూ పొలమూ అమ్ముడుపోయాయి. కొన్న డబ్లిన్ ఆయన తాళంచెవి అడిగాడు. "ఈ తలుపుకి తాళం ఏనాడూ లేదండీ" అన్నాను. నమ్మలేదు. పొరుగింటి కోల్మన్ నవ్వి, "తాళం వేసుకుంటే మా పొయ్యి ఆరిననాడు నిప్పు ఎవరింట్లోంచి తెచ్చుకోను బాబూ?" అన్నాడు. డబ్లిన్ ఆయన మాత్రం వెంట తెచ్చిన తాళం బిగించి, చెవి జేబులో వేసుకుని పడవెక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ తెమ్మన్న గడియారం లోపలే ఉండిపోయింది. మన తలుపు తోస్తే తెరుచుకోలేదు.

అమ్మ దగ్గు తగ్గిందా? నా ఉన్ని చొక్కా ఎండలో వెయ్యి, శనివారం వస్తాను. పిల్లలకి ముద్దులు. గడియారం ఏదని అమ్మ అడిగితే, నడుస్తూనే ఉందని చెప్పు. అబద్ధమేం కాదు, కిటికీలోంచి చూశాను.

మీ అన్న,
ఫెస్టీ