పేరు కొట్టని తుపాకీ

అయ్యా,

మీరు కొన్న జంట గొట్టాల తుపాకీ ఎవరు చేశారని అడిగారు. మా నాన్న. గొట్టాలు, మీట, భుజానికి ఆనించే చెక్క, అన్నీ ఆయన చేతి పనే. మీకు తెలిసినవాళ్లు చూసి, "ఎవడో చేతకానివాడు చేశాడు, చెక్క వంకరపోయింది" అన్నారని రాశారు. చదివి ఒళ్లు మండింది.

అది వంకర కాదండీ, కొలత. నాన్న తుపాకులు చేసే షాపులో ఇనుప రజను ఎగిరిపడి మా తమ్ముడి కుడికన్ను పోయింది. వాడికేమో కుడి భుజమే అలవాటు. అందుకని వాడి కోసం, గురి ఎడమ కంటికి అందేలా నాన్న ఆ చెక్కను వంపు తిప్పి చెక్కారు. రోజూ వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, చెంపకు ఆనించి చూసి, మళ్లీ కాస్త చెక్కేవారు. "నా మొహం అరిగిపోతోంది నాన్నా" అని వాడు నవ్వేవాడు.

చేసినవాడి పేరెందుకు లేదంటారా? చేయించుకున్న మనిషి మొదటిసారి కాల్చి, కుదిరిందని చెప్పాకే నాన్న గొట్టం మీద తన పేరు అచ్చు కొట్టేవారు. తుపాకీ పూర్తయ్యేసరికి తమ్ముడు జ్వరంతో మంచం పట్టాడు. మళ్లీ లేవలేదు.

"మీ పేరైనా కొట్టండి" అంది అమ్మ.

"వాడు చెప్పలేదుగా" అన్నారు నాన్న. ఆ తర్వాత ఆయన ఇంకో తుపాకీ చేయలేదు. ఆయన పోయాక షాపు సామానుతో పాటు తమ్ముడి తుపాకీ కూడా చేతులు మారింది.

తమ్ముడి ఫొటో ఒక్కటీ మా దగ్గర లేదు. వాడి చెంప ఎలా ఉండేదో ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ చెక్క తిన్నగా చేయిస్తానని మీరు రాశారు. వద్దండీ. ఇప్పటికే చేయించేసి ఉంటే మాత్రం, దయచేసి నాకు జవాబు రాయకండి.

ఇట్లు,
వాడి అక్క