హెడ్‌మాస్టరు గారి ఆఖరి పట్టా

సకాతా,
నవంబరు 18.

పూజ్యులైన తోకికో వదినగారికి,

సుమికో నమస్కరించి వ్రాయునది. చోకాయ్ కొండ నెత్తిన తొలిమంచు పడింది. మొగామి నదిలో హంసలు దిగాయి. ఈ చలిలో మీ మోకాలు ఎంత బాధపెడుతోందో అని మనసు పీకుతోంది. ఇక్కడ మేమంతా కులాసా.

మా చినత్సు పెళ్లి ఎలా జరిగిందని మీరు ఫోన్లో అడిగితే, బాగా జరిగిందని ఊరుకున్నాను. మీ తమ్ముడి సంగతి ఫోన్లో చెప్పేది కాదు మరి.

పెళ్లికొడుకు యోసుకెకి తండ్రి లేడు. అందుకని విందు చివర రెండు కుటుంబాల తరఫున కృతజ్ఞతలు చెప్పే వంతు మీ తమ్ముడిదయింది. పక్షవాతంతో మాట పడిపోయినప్పటి నుంచి, టీ కావాలన్నా ఆయన కెటిల్ వైపు వేలు చూపిస్తారు. కన్నకూతురి పేరు కూడా గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. "అదీ... అదీ..." అంటూ నుదురు కొట్టుకుంటారు. చినత్సు ఆయన ముందు నవ్వేసి, వంటింట్లోకొచ్చి ఏడ్చేది. "నలుగురిలో నవ్వులపాలెందుకక్కా, బావని కూర్చోబెట్టు. ఆ నాలుగు ముక్కలూ నేను చెప్పేస్తాగా" అన్నాడు మా తమ్ముడు. ఈయన బల్ల గుద్ది, నేనే చెప్తానన్నట్టు తన ముక్కు చూపించుకున్నారు.

ఆ రోజు మైకు అందుకున్నారు. "ఈ శుభదినాన్ని పురస్కరించుకుని, ఇక్కడికి విచ్చేసిన పెద్దలందరికీ ఇరు కుటుంబాల పక్షాన సవినయంగా..." ఒక్క తడబాటు లేదు! ఆ బరువైన మాటల్ని నేనెంత ఎగతాళి చేసేదాన్నో మీకు తెలుసు. టీ అడగడానికి కూడా 'ఈ సందర్భంగా' అనండి అనేదాన్ని. లోపల అన్నీ కూలిపోయినా, హెడ్‌మాస్టరుగా జీవితమంతా పలికిన ఆ మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

అంతలో మాట పక్కకు పోయింది. "నేటితో ఈ బడి గడప దాటుతున్న విద్యార్థినికి..." అనేశారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మా తమ్ముడు తల పట్టుకుని, "అయిపోయింది, బావ బడి తెరిచేశాడు" అన్నాడు. ఈయన అదేం పట్టించుకోలేదు. నిటారుగా నిలబడి, తను పనిచేసిన ఆ కొండబడిలో పట్టాలిచ్చే రోజు పిల్లల్ని ఇంటిపేరుతో పిలిచినట్టే, "ఇగరాషి చినత్సు!" అని పిలిచారు.

ఎర్ర కిమోనోలో ఉన్న పిల్ల దిగ్గున లేచి, హాజరు పలికే బడిపిల్లలా గొంతెత్తి "హై!" అని పలికింది. దాని బడిలో పట్టాలిచ్చిన రోజే ఈయన బడిలోనూ ఇచ్చారు కదా, ఆనాడు దాని బడికి ఈయన వెళ్లలేకపోయారు. ఇప్పుడది ముందుకొచ్చి, నడుం వంచి రెండు చేతులూ చాచింది. ఆయన మైకు పక్కన పెట్టి, పనిచేసే ఆ ఒక్క చేత్తో లేని పట్టా అందించారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మా తమ్ముడే.

ఎంత ముచ్చటైన పొరపాటో అని చుట్టాలంతా చెప్పుకుంటున్నారు. నేనూ అదే అంటున్నాను.

ఇట్లు,
మీ సుమికో

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే, ఆసుపత్రిలో ఆయనకు మాటలు నేర్పే ఎనోమోతో అమ్మాయి వచ్చింది. వస్తూనే, "పేరు పలికారా సార్?" అని అడిగింది. వసంతం నుంచీ ఆ అమ్మాయి దగ్గర ఇదే అభ్యాసమట. ఉత్తగా పిలవబోతే పేరు రాదు, పట్టాల నాటి ప్రసంగం ఎత్తుకుంటే దాని వెంట పేరూ వస్తుందని ఆయనే కనిపెట్టారట. పొరపాటు కాదు వదినా! నేను ఆయన వైపు తిరిగేసరికి, "ఈ సందర్భంగా..." అని కెటిల్ వైపు వేలు చూపించి నవ్వారు. వెళ్లి టీ పెట్టాను.