మునిగిన ఊరి మీద బూట్లతో

కర్నూలు, ఆదివారం

ఆఫీసు మిత్రులను సంగమేశ్వరం దగ్గర పడవ ఎక్కించి, సోమశిల గుళ్లు చూపించాను. పడవ, భోజనాలు, అన్నీ నా ఖర్చే. నది మధ్యలో పడవ నడిపే పెద్దాయన ఇంజన్ ఆపాడు. చెప్పులు విడిచి, దోసెడు నీళ్లు తీసుకుని మళ్లీ నదిలోకే వదిలాడు. డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. ఆ ఊరివాళ్లు అక్కడ చెప్పులతో దాటరు. నాకు తెలుసు. నేను పుట్టింది ఆ ఊళ్లోనే.

ఆయన నన్నే చూస్తూ, "ఏమప్పా, నువ్వు మా మగ్గాల వీధి నారాయణ కొడుకువి గదా? అచ్చం మీ నాయన మాదిరే ఉండావు," అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ముంపు కాలనీలో, రేకుల షెడ్డులో పెరిగానని వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.

"కాదు, నువ్వెవరినో అనుకుంటున్నావు," అన్నాను. బూట్లు విప్పలేదు. పైగా సెల్ఫీకి నవ్వాను కూడా. ఛీ.

"పొరపాటు పడినా సార్," అని ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఒడ్డున దిగేటప్పుడు నాకు చెయ్యి అందిస్తూ, ఎవరికీ వినబడకుండా అడిగాడు: "మీ నాయన బాగుండాడా సార్?"

నాయన పోయి మూడేళ్లయింది. అదైనా చెప్పలేకపోయాను.