మిరపకల్లంలో రేవు

చేపల లెక్కల అధికారి గారికి,

వినుకొండ దగ్గరి మిరప రైతు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మా కల్లాన్ని ఈ ఏటి ఉత్తమ రేవుగా ఎంపిక చేశామనీ, సభ పెట్టి బహుమతి ఇస్తామనీ తమరు పంపిన కాగితం అందిందండి. మాకు సముద్రం వంద కిలోమీటర్ల దూరం.

కల్లంలో ఉన్న పడవ నా స్నేహితుడు పోలయ్యది. ఇరవై ఏళ్ళపాటు చీరాల వైపు నుంచి నాకు ఎండుచేపలు తెచ్చి, మిరపకాయలు పట్టుకెళ్ళేవాడు. సముద్రం వేడెక్కి చేపలు ఎటో వెళ్ళిపోయాయి. ఒడ్డు కూడా కోసుకుపోయి పడవ నిలిపే చోటు లేకపోయింది. దాన్ని లారీలో వేసుకుని మిరప కోతలకు మా ఊరొచ్చేశాడు.

పడవ నంబరు వెతుక్కుంటూ తమ మనిషి వచ్చి, "పడవ ఎక్కడుంటే రేవు అక్కడేనండి" అని రాసుకుపోయాడు. రోజూ ఎన్ని చేపలు దిగాయో పంపమంటే, రెండేళ్ళూ సున్నా అని ఉన్నదే రాశాను. మిగతా రేవులన్నిట్లో చేపలు తగ్గాయనీ, మా రేవులో మాత్రం ఒక్క కిలో కూడా తగ్గలేదనీ తమరు మెచ్చుకున్నారు.

కాగితం చదివి వినిపిస్తే పోలయ్య నవ్వుతాడనుకున్నాను. అతను మిరప ఘాటుకి మండుతున్న చేతులు కడుక్కుని వచ్చి, "ఏరా, ఆ రోజు ఏ చొక్కా వేసుకోను?" అని అడిగాడు.

బహుమతి అతనికే ఇవ్వండి. నలభై ఏళ్ళు వేట చేసినవాడికి ఇంతవరకూ ఎవరూ శాలువా కప్పలేదు. వేదిక మీద మాత్రం, ఎన్ని చేపలు పట్టావని అడగకండి.

ఇట్లు,
కల్లం యజమాని