వెనక గది గొళ్ళెం

ఏవండీ,

అన్నం కుక్కర్లో ఉంది. పప్పుచారు వేడి చేసుకోండి. అత్తయ్యగారికి బీపీ మాత్ర మర్చిపోకండి.

పావనిని తీసుకుని రాజమండ్రి వెళ్తున్నాను. మాటలు రాని పిల్లల అమ్మానాన్నలకి ఇవాళ కౌన్సెలింగ్. మీకు వరి కోతలన్నారుగా. అక్కడ తల్లికో కుర్చీ, తండ్రికో కుర్చీ వేస్తారు. మీది ఎప్పుడూ ఖాళీయే.

నిన్న మీ చెల్లెలి పెళ్ళిచూపులవాళ్ళు వెళ్ళేదాకా పావనిని వెనక గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. అది తలుపు బాదుతుంటే వాళ్ళతో "పిల్లి లెండి, ఎలకల కోసం వేశాం" అన్నారు. కన్నకూతుర్ని పిల్లి అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?

సాయంత్రం రైలుకి వచ్చేస్తాం. స్టేషన్‌కి బండి తీసుకురండి.

సూర్యకళ

తా.క. ఆ గొళ్ళెం కోసం వెతక్కండి. పొద్దున్నే పీకించేశాను, నా సంచిలో ఉంది. ఇవాళ మీ కుర్చీలో దాన్నే పెడతాను.